ఎర్రబురుజులో పేరు పెట్టి పిలిస్తే

బీదర్ లాడ్జి మేనేజరు తాళంచెవి కోసం చెయ్యి చాపి నిలబడి ఐదు నిమిషాలైంది. పవన్‌కుమార్ తలుపు వేయడు, ఇంకొకరిని వేయనివ్వడు.

"సుమిత్," అని పిలిచాడు, ఖాళీ గదిలోకి తొంగి చూస్తూ.

సుమిత్ అతని పక్కనే వరండాలో ఉన్నాడు. బావ భుజం తన భుజానికి తగులుతూనే ఉంది. అయినా "ఓ" అన్నాడు పళ్లు బిగబట్టి.

"అంకిత."

"ఓ," అంది సుమిత్ భార్య, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"త్రివేణి."

త్రివేణికి తల కొట్టేసినట్టయింది. మేనేజరు చూస్తున్నాడు. ఎదురు గదిలో దిగిన పెళ్లివారు టీ గ్లాసులు పట్టుకుని మరీ చూస్తున్నారు. కట్టుకున్న పెళ్లాం కళ్లెదుట నిలబడి ఉంటే ఖాళీ గదిలోకి పేరు పెట్టి పిలిచే మొగుణ్ణి ఎవరు మాత్రం చూడరు? పలక్కపోతే ఏమవుతుందో ఇవాళ తేల్చుకుందామని ఆమె నోరు మూసుకుంది.

రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచేసరికి అతని గొంతు వణికింది. అంతమంది ముందు ఆ గొంతు అలా వణకడం ఆమె వినలేకపోయింది.

"ఓ. ఉన్న పవన్. ఈడనే ఉన్న."

అప్పుడు గాని తాళం పడలేదు.

పదకొండు రోజులుగా ఇదే వరస. ఇంద్రేశంలో ఇంటి దగ్గర బాత్రూం తలుపైనా, బీరువా తలుపైనా, కారు డిక్కీ అయినా సరే, మూసే ముందు ఇంట్లో అందరి పేర్లూ పిలవాలి, అందరూ పలకాలి. పిల్లలు మొదట ఆట అనుకున్నారు. నాలుగో రోజుకి చిన్నది భయపడి ఏడవడం మొదలుపెట్టింది. అత్తగారు నాగరత్నం దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, ఆ తర్వాత కోడలి వంక చూడటం మొదలుపెట్టింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే కోడలు ఇంట్లో ఉంటే ఇలాంటివే జరుగుతాయని ఆవిడ పైకి అనలేదు. అనకపోయినా ఎనిమిదేళ్లుగా త్రివేణికి వినిపిస్తూనే ఉంది.

ఇంతా చేసి అతనిది పిచ్చి కాదు, ఉద్యోగం. పటాన్‌చెరులో ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజరు. పెద్ద పెద్ద ట్యాంకులు కడగడానికి కూలీలు లోపలికి దిగినప్పుడు మూత దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. ఫ్యాక్టరీలో దాన్ని హోల్‌వాచ్ అంటారు. పది నిమిషాలకోసారి లోపలున్న ఒక్కొక్కరినీ పేరుతో పిలవాలి. ఒక్కొక్కరూ "ఓ" అని పలకాలి. పని అయ్యాక మళ్లీ అందరినీ పిలిచి, అందరూ బయట ఉన్నారని తేల్చుకున్నాకే మూత బిగించి, లోపలి గాలిని తరిమేసే గ్యాసు వదలాలి.

పదకొండు రోజుల కిందట నలుగురు దిగారు. పని అయిందనుకున్నాక పవన్ ఇరవై అడుగులు నడిచి బల్ల దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి వచ్చాడు. ట్యాంకు మీద నిలబడి నాలుగు పేర్లు పిలిచాడు. కింద, కూలీలు చేతులు కడుక్కునే నల్లాల గోడ అవతలి నుంచి నాలుగు సార్లు "ఓ" వినిపించింది. మూత బిగించాడు, గ్యాసు తిప్పాడు.

ఆ ఇరవై అడుగుల వ్యవధిలో మల్లేష్ అనే కూలీ లోపల మరిచిపోయిన టార్చిలైటు కోసం మళ్లీ దిగాడు. గంట తర్వాత మూత తీశారు.

మర్నాడు మల్లేష్ భార్య ఇస్నాపూర్ కిరాయి గదిలోంచి నడుచుకుంటూ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. పవన్‌ను చూసి రెండే మాటలు అడిగిందట. "మా ఆయనను పేరు వెట్టి పిలిచిన్రా సార్?" పిలిచానమ్మా అన్నాడు. "మరి పలుకలేదా?" అంది. పలికాడు అనే మాట అతని గొంతులోనే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచే తలుపుల గొడవ మొదలైంది.

ఇక మిగిలింది ఒక్క కాగితం. అది త్రివేణి చేతిసంచిలో, ప్లాస్టిక్ కవరులో ఉంది. మల్లేష్ బయటికి రావడం నేను కళ్లారా చూశాను, తర్వాత ఎవరికీ చెప్పకుండా తనంతట తాను దిగాడు అని అందులో రాసి ఉంది. రేపు సోమవారం పదింటికి విచారణ. పవన్ సంతకం పెడితే తప్పు మల్లేష్‌ది. పెట్టకపోతే మూత బిగించిన చెయ్యి పవన్‌ది కాబట్టి కేసు పవన్ మీదికి వస్తుంది. నడిమధ్యలో సుమిత్ ఉన్నాడు. ఆ కూలీలను ఫ్యాక్టరీకి పంపే లేబర్ కాంట్రాక్టరు అతనే, త్రివేణికి తోడబుట్టిన తమ్ముడు. రెండు రోజులు ఊరు దాటిస్తే, కోటలూ గీటలూ చూపిస్తే బావ మనసు కుదుటపడుతుందని, పిల్లల్ని నాగరత్నం దగ్గర వదిలించి ఈ ప్రయాణం పెట్టింది అతనే. సంతకం నేను పెట్టిస్తానని మాట ఇచ్చింది త్రివేణి.

మాటైతే ఇచ్చింది. శనివారమంతా బీదర్ కోటలో ఆ దర్వాజా నుంచి ఈ దర్వాజాకి తిరిగారు, అంకిత వంద ఫొటోలు దిగింది, కాగితం మాత్రం కవరులోంచి బయటికి రాలేదు. త్రివేణి రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ పవన్ ఒకే మాట అన్నాడు.

"చూడలేదు త్రివేణీ. విన్నాను."

వినడానికీ చూడటానికీ అంత తేడా ఏముందో ఆమెకు అర్థం కాలేదు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నవాళ్లన్నా బాగుండాలి కదా అనుకుంది. అనుకున్నాక గేటు దగ్గర నిలబడ్డ ఆ ఆడమనిషి గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

లాడ్జి ఖాళీ చేసి ఆదివారం మధ్యాహ్నం కారులో ఇంటిదారి పట్టారు. జహీరాబాద్ రాకముందే అంకిత ఫోనులో ఏదో వీడియో చూపించి, ఈ పక్కనే ఎర్రబురుజు అని చిన్న కోట ఉందట, ఎవరూ పోరట, ఒక్క అరగంట ఆగి పోదామంది. సుమిత్ అద్దంలోంచి అక్క వంక చూశాడు. ఇంకో అరగంట, ఇంకో అవకాశం అని ఆ చూపుకి అర్థం. త్రివేణి తలూపింది. కారు మెయిన్ రోడ్డు దిగి చెరకు తోటల మధ్య మట్టిబాట పట్టింది.

కోట దగ్గర కారు ఆగేసరికి మూడు గంటలు దాటింది. ఎండ చుర్రుమంటోంది. ఎర్రటి జంబిట్టె రాయితో కట్టిన బురుజు ఒకటి, సగం కూలిన గోడలు, గోడల పగుళ్లలో మొలిచిన సీతాఫలం చెట్లు. పక్షుల చప్పుడు కూడా లేదు. బీదర్ కోటలో జనం, ఐస్‌క్రీం బండ్లు, స్కూలు పిల్లల కేకలు ఉంటే కోట కోటలా అనిపించలేదు. ఇక్కడ కారు తలుపు వేసిన చప్పుడు గోడల మీద పడి తిరిగి వచ్చి త్రివేణి వీపుకి తగిలింది. ఆమెకు దిగబుద్ధి కాలేదు.

దర్వాజా నీడలో తువ్వాల పరుచుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు బాలప్ప. సర్కారు వాళ్లు పెట్టిన కాపలా మనిషి. నెల జీతం నెలకి రాదని, అయినా వస్తూ ఉంటానని, తను రాకపోతే కోటకి ఎవరూ ఉండరని చెప్పుకొచ్చాడు. అంకిత సొరంగం ఎక్కడని అడిగింది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, లేచి, పెరట్లాంటి ఖాళీ జాగాలోకి తీసుకెళ్లాడు. నేలలోకి ఒక కంత ఉంది, మనిషి వంగితే పట్టేంత. రాతి మెట్లు లోపలికి దిగి చీకట్లో కలిసిపోతున్నాయి. గబ్బిలాల కంపు కొడుతోంది.

"పోతే పోండ్రి," అన్నాడు బాలప్ప. "ఆ కొసకు బాయి ఉన్నది, ఆడిదాంక పోకుండ్రి. మెట్లు కూలినయ్. ఇంగోటి. లోపట ఎవ్వలనూ పేరు వెట్టి పిలువకుండ్రి."

అంకిత నవ్వి ఎందుకని అడిగింది.

"పలుకుతది."

ఏది పలుకుతుందో ఆయన చెప్పలేదు. తన చిన్నప్పుడు మేకపిల్ల కోసం దిగిన ఒక తల్లి, కొడుకు కూడా దిగాడేమోనని పేరు పెట్టి పిలిచిందట. లోపలి నుంచి కొడుకు ఓ అన్నాడట. ఆ గొంతు వెంట పోయింది, మళ్లీ రాలేదు. కొడుకు ఆ పూటంతా ఇంట్లోనే పడుకుని ఉన్నాడట. ఆయన ఇదంతా బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పి తువ్వాల దులుపుకున్నాడు.

త్రివేణి పవన్ ముఖం చూసింది. చూడకపోతే బాగుండేది. రక్తం చుక్క లేదు.

తను దిగనన్నాడు పవన్. పైనే ఉంటానన్నాడు. సుమిత్‌కి అదే కావలసింది. అక్కను ఒంటరిగా పట్టుకుని కాగితం సంగతి మాట్లాడాలని పొద్దుటి నుంచి చూస్తున్నాడు. అంకిత చేతిలో ఫోను లైటు, సుమిత్ చేతిలో ఫోను లైటు. ముందు సుమిత్, అతని చొక్కా వెనక అంచు పట్టుకుని త్రివేణి, ఆమె వెనక అంకిత దిగారు.

పద్దెనిమిది మెట్లు లెక్కపెట్టింది త్రివేణి. ఆ తర్వాత నేల చదునైంది, గోడ మలుపు తిరిగింది, వెనక నుంచి వచ్చే పగటి వెలుతురు చటుక్కున ఆగిపోయింది. చల్లగా ఉంది. రాళ్లు చెమర్చి ఉన్నాయి. అడుగు వేస్తే ఆ అడుగు ముందొకసారి, వెనకొకసారి వినిపిస్తోంది. వెనక అంకిత వస్తోందో, తన అడుగులే తిరిగి వస్తున్నాయో తెలియడం లేదు. భయంగా ఉంది. భయంగా ఉందని తమ్ముడికి చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది.

సుమిత్ నడుస్తూనే మాట్లాడుతున్నాడు. బావ ఇలాగే ఉంటే రేపు విచారణలో పిచ్చివాడని తేలుస్తారన్నాడు. సంతకం చేస్తే రెండు నెలల్లో అంతా మామూలు అవుతుందన్నాడు. నాన్న సంగారెడ్డి మార్కెట్లో గింజల వ్యాపారం వదిలి లేబర్ పనిలోకి పోవద్దన్నా, తను మొండికేసి పెట్టిన బిజినెస్ అని, అది మునిగితే ఇంట్లో ముఖం చూపలేనన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. అమ్మకు ఒంట్లో బాగాలేని రెండేళ్లూ ఈ తమ్ముణ్ణి చంకన వేసుకుని తిరిగింది త్రివేణి. వాడి గొంతు అలా అయితే ఆమె చెయ్యి దానంతట అదే వాడి వీపు నిమురుతుంది. ఇప్పుడూ నిమిరింది.

"పెట్టిస్త తమ్మీ," అంది. "ఇంటికి పోయేలోపు పెట్టిస్త. నాది పూచీ."

అప్పుడు పైనుంచి పిలుపు వచ్చింది.

"సుమిత్!"

పవన్ గొంతే. కానీ రాళ్ల మధ్య దొర్లుకుంటూ వచ్చి ఎవరిదో ముసలి గొంతులా వినిపించింది. పది నిమిషాలైంది కాబోలు. సుమిత్ ఆగి, లైటు కిందికి దించి, "ఓ" అన్నాడు.

"త్రివేణీ!"

బాలప్ప చెప్పింది ఆమెకు గుర్తొచ్చింది. అయినా లాడ్జి దగ్గర వణికిన ఆ గొంతు తలుచుకుని "ఓ" అంది.

"అంకితా!"

గబ్బిలం ఏదో రెక్కలు కొట్టుకుంది.

"ఓ..."

హమ్మయ్య అనుకుని త్రివేణి వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు.

లైటు లేదు, అంకిత లేదు. మలుపు దాకా నల్లగా ఉంది. ఆ చీకటిలోంచి కాదు, నెత్తి మీద ఎక్కడో గాలి కోసం వదిలిన కంతలోంచి, ఎండలోంచి అంకిత గొంతు వచ్చింది. కంపు భరించలేక మధ్యలోనే పక్క మెట్లెక్కి బురుజు మీదికి పోయానని అంటోంది. "పవనన్నా, నేను ఈడున్న. కింద ఓ అన్నదెవరు?"

పైన పవన్ కూలబడ్డ చప్పుడు, బాలప్ప కంగారుగా దేవుణ్ణి తలుచుకున్న చప్పుడు కంతలోంచి సన్నగా దిగాయి.

చంపుతుంది, ఇది మమ్మల్ని చంపుతుంది అనుకుంది త్రివేణి. తమ్ముడి చొక్కా ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకి. ఆ "ఓ" వెనక నుంచి రాలేదు. ముందు నుంచి వచ్చింది. ఆ "ఓ" వచ్చినప్పుడు తన గుప్పిట్లో ఉన్న చొక్కా, దాని కింద ఉన్న వీపు కదిలాయి.

దయ్యమైనా బాగుండు అనిపించింది.

"నువ్వెందుకు పలికినవ్?"

"ఊకో అక్కా." సుమిత్ గుసగుసగా అన్నాడు. "ఎనకనే వస్తుందనుకున్న. ఆమె చెవుల ఎప్పుడూ గా పాటల వైర్లు ఉంటయ్, పలుకదు. పలుకకుంటె బావ మల్ల మల్ల మొత్తుకుంటడు. జల్దీ ఒడిసిపోతదని నేనే పలికిన."

"గట్ల ఒకరి పేరుకు ఒకరు పలుకుతరా?"

అందులో ఏముందన్నట్టు చెప్పాడు. కూలీల్లో అది మామూలే. ఒకడు బీడీకో టీకో గేటు బయటికి పోతే, హాజరు పిలిచినప్పుడు పక్కవాడు వాడి పేరుకి పలుకుతాడు. లేకపోతే పాపం వాడికి పూట కోత పడుతుంది. కాంట్రాక్టు కొత్తలో కూలీల వెంట తనే ఉన్న రోజుల్లో తన మనుషులకి తనే ఎన్నోసార్లు పలికాడు. అలవాటైపోయింది. మంచికే కదా అన్నాడు.

అన్నవాడు అంతటితో ఆగిపోయాడు. తనేం చెబుతున్నాడో అప్పుడే తనకి వినిపించినట్టుంది.

త్రివేణి అడగకూడదనుకుంది. అడిగితే ఇక వెనక్కి తీసుకోవడం ఉండదని తెలుసు. అయినా అడిగింది.

"గా దినం నువ్వు ఆడ ఉన్నవా సుమిత్? నల్లాల కాడ?"

ఫోను లైటు రాతి నేల మీద గుండ్రంగా పడి వణుకుతోంది.

"టీకి పొయ్యిండనుకున్న అక్కా," అన్నాడు చివరికి. "ఒట్టు. మల్లేష్‌కు టీ యావ ఎక్కువ. అరపూట కోస్తరు గదా అని పలికిన. ఆడు లోపట ఉన్నడని నాకేమెరుక?"

ఆ తర్వాత వాడు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదన్నాడు. బావ ఎలాగూ చచ్చినవాడే పలికాడనుకుంటున్నాడు, అనుకోనియ్ అన్నాడు. సంతకం పడితే బావకీ ఏం కాదు, నాకూ ఏం కాదు, ఈ ఒక్కమాట నీ కడుపులో దాచుకో అక్కా అన్నాడు. ఏడుస్తున్నాడు. ఆమె కూడా ఏడుస్తోంది. నాశనం చేస్తివి కదరా అంది, అంటూనే కొంగుతో వాడి ముఖం తుడిచింది. ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. దాచుకుంటానని అనలేదు, దాచుకోనని కూడా అనలేదు.

మెట్లెక్కి బయటికి వచ్చేసరికి ఎండ కళ్లలో పొడిచింది. పవన్ రాతి మీద కూర్చుని ఉన్నాడు. బాలప్ప తువ్వాల తడిపి అతని తల మీద వేశాడు. అంకిత బురుజు దిగి వచ్చి దూరంగా నిలబడి వణుకుతోంది, చేతిలో ఫోను ఉన్న సంగతే మరిచిపోయింది.

సుమిత్ వస్తూనే పెద్దగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతా రాళ్ల మోత అన్నాడు. ఒక పేరు పిలిస్తే నాలుగు సార్లు మోగుతుంది, అక్క అన్న ఓ తిరిగి వచ్చి ఉంటుందన్నాడు. ఆ ముసలాయన కథలు చెప్పి అందరినీ పరేషాన్ చేశాడన్నాడు. కావాలంటే అక్కనే అడగమన్నాడు.

పవన్ అతని వైపు చూడలేదు. త్రివేణి వైపే చూశాడు. ఆ పదకొండు రోజుల్లో అతను ఎన్ని కిలోలు తగ్గిపోయాడో ఆమెకు ఆ ఎండలో కనిపించింది.

"నాకు పిచ్చి పట్టిందా త్రివేణీ?" అన్నాడు. మెల్లగా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. "ఆ రోజు విన్నదీ ఇదే. ఇదే గొంతు. ఉన్నట్టు చెప్పు, నీకేం వినిపించింది? ఏమీ వినలేదంటే ఇప్పుడే ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. తర్వాత ఏ ఆస్పత్రికి తీసుకెళ్తావో తీసుకెళ్లు."

కాగితం ఆమె సంచిలోనే ఉంది. పెన్ను కూడా ఉంది. వినలేదు అనే ఒక్క మాట చాలు. ఇంటికి పోయేలోపు పెట్టిస్తానని పూచీ పడ్డ సంతకం ఇదిగో, అడగకుండానే వస్తోంది. సుమిత్ ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తున్నాడు.

వినలేదంటే తమ్ముడు మిగులుతాడు. మొగుడు మిగులుతాడు కానీ ప్రతి తలుపు ముందూ చచ్చిన మనిషి గొంతు వింటూ మిగులుతాడు. ఇస్నాపూర్ గదిలో ఆ ఆడమనిషికి తన మొగుడి తప్పే మిగులుతుంది. త్రివేణికి దుఃఖం పొంగుకొచ్చింది. ఇంత పెద్ద బరువు తన ఒక్కదాని మీదే ఎందుకు పడిందని కోపం కూడా వచ్చింది.

"నీకేం పిచ్చి లేదు," అంది. "నాకూ వినవడ్డది. సుమిత్ పలికిండు. ఇప్పుడూ వాడే, గప్పుడూ వాడే."

అంకిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పవన్ లేవలేదు, అరవలేదు. పదకొండు రోజులుగా మోస్తున్నదేదో దించుకున్నవాడిలా రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వెళ్లి అతని పక్కన కూర్చుంది. సుమిత్ వైపు చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

వాడు కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు జేబులు తడుముకుని, ఫోను లోపల పడిపోయింది, తెచ్చుకుంటానన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. వంగి మెట్లు దిగాడు.

మొదట తేరుకున్నది అంకిత. "వదినా," అంది. "ఫోను పడుడేంది? ఆయన జేబులనే ఉన్నది. నేను సూసిన."

ఆమె కంత దగ్గరికి పరిగెత్తింది. పేరు పెట్టి పిలిచింది. పవన్ పిలిచాడు. త్రివేణి తమ్మీ అని పిలిచింది, సుమిత్ అని పిలిచింది, చిన్నప్పుడు పిలిచే ముద్దుపేరుతో పిలిచింది. కింద ఆమె గొంతే తిరిగి తిరిగి మోగి ఆగిపోయింది. పేర్లు పిలవొద్దని బాలప్ప ఈసారి అనలేదు. సొరంగం చివర బావి ఎంత లోతని పవన్ అడిగితే, ఎవరూ కొలవలేదన్నాడు.

పవన్ కళ్లు తుడుచుకుని లేచాడు. కారులోంచి పెద్ద టార్చి తెచ్చాడు, బాలప్ప దగ్గర తాడు అడిగి తీసుకుని నడుముకి బిగించుకున్నాడు. పదకొండు రోజుల తర్వాత మళ్లీ తన పనిలో ఉన్న మనిషిలా కనిపించాడు. నువ్వు పోవద్దు అని త్రివేణి అతని చెయ్యి పట్టుకుంది. అతను ఆ చేతిని మెల్లగా విడిపించి, ఆమెను కంత అంచున నిలబెట్టాడు.

"ఇక్కడి నుంచి కదలకు. లెక్కపెట్టుకుంటూ నిమిషానికోసారి పిలువు. ఇద్దరి పేర్లూ పిలువు. నేను పలక్కపోతే లోపలికి రావద్దు, ఊళ్లోకి పరిగెత్తు."

దిగిపోయాడు. టార్చి వెలుగు మలుపు దాకా పోయి, మలుపు తిరిగి, లేకుండా పోయింది.

త్రివేణి అరవై లెక్కపెట్టింది.

"పవన్!"

"ఓ." దగ్గరలోనే ఉన్నాడు.

"సుమిత్!"

ఏమీ లేదు. అంకిత ఆమె భుజం పట్టుకుని వేలాడుతోంది. మళ్లీ అరవై. మళ్లీ పిలిచింది. పవన్ పలికాడు, ఈసారి దూరంగా. సుమిత్ పలకలేదు. మూడోసారి లెక్కపెడుతుంటే అంకెలు కలిసిపోయాయి. నలభై దగ్గర ఆగి మళ్లీ ముప్పై నుంచి మొదలుపెట్టింది. దేవుడా వాడు పలకాలి, కోపంగానైనా సరే పలకాలి అనుకుంది.

"పవన్!"

"ఓ." చాలా లోతు నుంచి వచ్చింది.

"సుమిత్!"

నీళ్లలో ఏదో కదిలిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపటికి, అదే లోతు నుంచి, సన్నగా, "ఓ..." అని వినిపించింది.

అంకిత ఏడుస్తూ నవ్వింది. ఉన్నడు వదినా, ఉన్నడు, పలికిండు అంటూ త్రివేణిని కుదిపేసింది.

త్రివేణి నవ్వలేదు. చెవి కంతకి ఆనించి ఊపిరి బిగబట్టి వింది. ఆ గొంతు తన తమ్ముడిదో, తమ్ముడి పేరుకి పలికిన తన మొగుడిదో ఆమె పోల్చుకోలేకపోయింది.